పీపా పూర్వవృత్తాంతం

జాతరనాడు కోసిన పొట్టేలు ఒక్క పూటలో చెల్లిపోదు. పల్లెలకు ఇంకా విద్యుత్తు రాని కాలంలో, మిగిలిన మాంసాన్ని సన్నని పట్టీలుగా చీల్చి, ఉప్పూ పసుపూ పట్టించి, తాటికి గుచ్చి ఎండలో ఆరవేసేవారు. ముసురు పట్టినదా, ఆ తాడే పొయ్యి మీది దండేనికి ఎక్కేది. పొగ తగిలి నల్లబడిన ఆ మాంసానికే ఉప్పుకండ అని పేరు. ఇందులోని ‘కండ’ సంస్కృతపు ఖండమో, అచ్చతెనుగు కండయో పండితులు తేల్చుకోవలసినదే గాని, తినేవారికి రెండూ సమ్మతమే. శాకాహారులకూ ఈ విద్య కొత్త కాదు. ఆముక్తమాల్యదలో విష్ణుచిత్తుడు వానకాలంలో అతిథులకు పెట్టిన విందులో వరుగులూ వడియాలూ ఉన్నవి. ఎండ ఉన్ననాడే ఎండలేని నాటికి కూడబెట్టుకోవడం ఈ సీమవారికి అనూచానంగా వస్తున్న జాగ్రత్త.

రామగిరి ఈ పనికి అనువైన చోటు. ఏడాదికి ఇంచుమించు 550 మిల్లీమీటర్ల వాన మాత్రమే పడే అనంతపురం సీమ అది. 2022లో జిల్లాలు విభజించినప్పుడు శ్రీ సత్యసాయి జిల్లాలో చేరినది. కొండలపై గాలిమరలు నిలబెట్టదగినంత గాలి అక్కడ వీస్తుంది. పొడి గాలి, మండే ఎండ, చుట్టూ మేకలూ గొర్రెలూ, ఇంతకంటె ఉప్పుకండకు కావలసినదేమున్నది?

అయితే ఇప్పుడు ఇళ్ళలో కట్టెపొయ్యి తగ్గినది, దానితో పొయ్యి మీది దండెమూ పోయినది. మరి పొగరుచి కావాలంటే? పాత ఇనుప తొట్లతో పొగపెట్టె కట్టుకోవడం ఒక ఉపాయం. అమెరికాలోని టెక్సాస్‌లో దీనిని ఒక కళగా పెంచారు. చమురుబావుల నుండి వచ్చిన పాత గొట్టాలను, పెద్ద పెద్ద గ్యాసు తొట్లను కోసి, అతికి, పొగపొయ్యిలుగా మార్చుకుంటారు. మన హిందూపురంలోనో ధర్మవరంలోనో గుజిరీ అంగడికి వెళ్ళి రెండు పీపాలు కొని, వెల్డింగు పనివానికి అప్పగిస్తే అటువంటిది తయారు కాకపోదు.

దాని నిర్మాణం సులభమే. 200 లీటర్ల పీపా దాదాపు మూడడుగుల ఎత్తు, రెండడుగులకు కొంచెం తక్కువ అడ్డకొలత ఉంటుంది. దానిని పడుకోబెట్టి, పైభాగాన మూత కోసి, లోపల కమ్మీల తట్టు అమర్చితే అది మాంసముంచే గది. దాని పక్కన, కొంచెం దిగువగా, చిన్న తొట్టి ఒకటి అతికితే అది నిప్పు గది. నిప్పు గదికి ఒక గాలితలుపు, అవతలి కొసన ఒక పొగగొట్టం. వేడెక్కిన గాలి తేలికై గొట్టంలో పైకి లేస్తుంది. ఆ ఖాళీని నింపడానికి నిప్పు వైపు నుండి కొత్త గాలి వస్తుంది. ఆ దారిలో పొగ మాంసాన్ని తాకుతూ పోతుంది. నిప్పును వేరుగా ఉంచడంలో ఒక మర్మమున్నది. మాంసపు కొవ్వు నిప్పులపై పడి కాలితే బెంజోపైరీన్ వంటి కాన్సరు కారక పదార్థాలు పుట్టి, ఆ పొగతో తిరిగి మాంసానికే అంటుకుంటాయి. ఐరోపా సమాఖ్య 2014 నుండి పొగమాంసంలో ఈ బెంజోపైరీన్‌ను కిలోకు రెండు మైక్రోగ్రాములకు మించనీయడం లేదు.

ఇంతవరకూ వెల్డింగు పనివాడు చెప్పగలడు. అతడు చెప్పలేనిది ఒకటి ఉన్నది. ఆ పీపాలో ఇంతకుముందు ఏమున్నది?

పిల్లనిచ్చేటప్పుడు అటు ఏడు తరాలూ ఇటు ఏడు తరాలూ విచారించే మనవారు, పీపా కొనేటప్పుడు దాని ఒక్క తరాన్నైనా విచారించరు. తుప్పు లేదా, రేకు మందంగా ఉన్నదా, ధర ఎంత — ఈ మూడింటితో బేరం ముగుస్తుంది. 2013 జూలై 16న బీహారులోని సారణ్ జిల్లా గండామన్ గ్రామంలో బడిపిల్లలు మధ్యాహ్న భోజనం చేసి పడిపోయారు. 23 మంది పసివారు మరణించారు. వంటనూనెలో మోనోక్రోటోఫాస్ అనే పురుగుమందు ఉన్నట్లు పరీక్షలో తేలినది. మందు ఉన్న పాత్రలోనే నూనె నిలువచేసి ఉంటారని అధికారులు ఆనాడే చెప్పారు. వంట చేసినవారికి ఆ నూనె మీద అనుమానం రాలేదని కాదు; వాసన తేడాగా ఉన్నదన్న మాట అక్కడ వినబడినది. అయినా కూర వండారు, వడ్డించారు. ఆ వార్త చదివిన ఉపాధ్యాయుడెవరూ మరచిపోలేడు.

వేరుసెనగ పండించే మన పల్లెలలో పురుగుమందుల డబ్బాలు కొత్త కావు. ఖాళీ అయిన డబ్బాను కడిగి, నీళ్ళు పట్టుకోవడమూ, గింజలు పోసుకోవడమూ చూస్తూనే ఉంటాము. 1971 నాటి క్రిమిసంహారకాల నియమావళి మాత్రం, ఖాళీ డబ్బాను పగులగొట్టి జనావాసాలకు దూరంగా పాతిపెట్టవలసినదని చెబుతుంది. డబ్బాపై వజ్రాకారంలో ఉన్న గుర్తు రంగును బట్టి విషపు తీవ్రత తెలుస్తుంది. ఎరుపు అన్నిటికంటె తీవ్రమైనది, తరువాత వరుసగా పసుపు, నీలం, ఆకుపచ్చ. ఆకుపచ్చ ఉన్నంత మాత్రాన అది అన్నపు గిన్నె కాదు. అక్షరాలు రాని తల్లిదండ్రులకు బడిపిల్లలు ఈ రంగులు చదివి చెప్పగలరు. “మంట పెట్టి కాలిస్తే అన్నీ పోతాయి గదా” అనేవారు కద్దు. మంటలో ఏది పోయినదో, అతుకుల సందులలో ఏది మిగిలినదో కంటికి కనబడదు.

విషం లేనంత మాత్రాన ప్రమాదం తీరదు. పెట్రోలు, సారాయి వంటి ద్రవాలున్న మూతపీపాలో ఖాళీ అయిన తరువాత కూడా ఆవిరి నిలిచి ఉంటుంది. కోతయంత్రపు నిప్పురవ్వ ఒక్కటి తగిలితే అది పేలుతుంది. అటువంటివాటి జోలికి పోకపోవడమే మేలు. వంటగ్యాసు సిలిండరు మాట చెప్పనక్కరలేదు. అది మన ఇంట ఉన్నా కంపెనీ ఆస్తి, కోయడం నేరం కూడా. జింకు పూత పూసిన నీళ్ళ తొట్టి తళతళలాడుతూ మోసగిస్తుంది. జింకు 420 డిగ్రీల సెల్సియస్ దగ్గర కరుగుతుంది. నిప్పు గదిలో ఆ వేడి సులభంగా పుడుతుంది; అతకడానికి వెల్డింగు చేసేటప్పుడు లేచే తెల్లని పొగ పీల్చినవారికి చలిజ్వరం వస్తుంది. ఉప్పూ పులుపూ తగిలినచోట ఆ పూత కరిగి కూరలోకి దిగుతుంది. కళాయి లేని ఇత్తడి గిన్నెలో చింతపండు పులుసు కాచరాదని మన అవ్వలు చెప్పినది ఇటువంటి సంగతే.

రామగిరి విషయంలో ఇంకొక మాట. ఇది బంగారు గనుల నేల. భారత్ గోల్డ్ మైన్స్ సంస్థ ఇక్కడ కూడా గని నడిపినది. ఆ సంస్థ కోలారు గనులు 2001లో మూతపడినవి. రాతిపొడిలోని బంగారాన్ని సైనైడు ద్రావణంలో కరిగించి తీసే పద్ధతికి 1887లో గ్లాస్గోలో పేటెంటు లభించినది. ఏ గని నుండి వచ్చిన తొట్టి అయినా సరే, దానిని పొగపెట్టెకు తేరాదు.

మరి ఏది తేవచ్చు? వంటనూనె తెచ్చిన పీపా, మామిడిగుజ్జు సంచులు మోసిన పీపా, అమ్మినవారు ఎక్కడిదో చెప్పగలిగినదైతే. దానికైనా లోపలి రంగునూ పూతనూ గీకి, మాంసం పెట్టకముందే ఒకటి రెండు సార్లు పెద్దమంటతో కాల్చి తీరవలసినదే. కట్టెల విషయం కొంత తేలిక. చింత, మామిడి, జామ మంచివి. పొలాలను ఆక్రమించి రైతును ఏడిపించే సర్కారుతుమ్మ టెక్సాస్‌వారు మక్కువపడే మెస్కీట్ కట్టెకు దాయాదియే. గన్నేరు విషవృక్షం, రంగు పూసిన పాత తలుపుచెక్కలూ పనికిరావు.

పొగ పట్టినదంతా నిలువ ఉంటుందనుకోవడమూ పొరపాటే. 1895 డిసెంబరులో బెల్జియంలోని ఎలెజెల్ గ్రామంలో ఒక శవయాత్రకు వాయించడానికి వచ్చిన బృందంవారు ఉప్పువేసి పొగబెట్టిన పందిమాంసం తిన్నారు. ముగ్గురు మరణించారు. బొట్యులిజం కలిగించే సూక్ష్మజీవిని వాన్ ఎర్మెంజెం ఆ మాంసం నుండే పట్టుకున్నాడు. కాబట్టి పొగతోబాటు వేడీ ఉండాలి: కోడిమాంసం నడిమిభాగం 74 డిగ్రీలకు చేరవలసినదే, ఇది ఉష్ణమాపకం చెప్పాలి గాని రంగు చెప్పదు.

పీపా పుట్టుపూర్వోత్తరాలు తెలియకపోతే పని మానుకోనక్కరలేదు. ఆఫ్రికాలోని ఘనా దేశపు తీరంలో స్త్రీలు చేపలను చమురు పీపాలపై పొగబెట్టేవారు. ఆ పీపాలు కట్టెలను మింగేవి, తుప్పుపట్టి కూలేవి. 1970 ప్రాంతంలో ఆక్రా నగరం పక్కనున్న చోర్కోర్ అనే పల్లెలో వారికొక కొత్త పొయ్యి అమరినది. మట్టిగోడలు, వాటిపై ఒకదానిపై ఒకటి పేర్చిన కొయ్యచట్రాల తట్టలు, అంతే. తట్టలే పొగగొట్టమై నిలుస్తాయి. ఆ పొయ్యికి కావలసిన మట్టీ రాయీ రామగిరి కొండ కింద ఎక్కడ త్రవ్వినా దొరుకుతాయి.