వెలిసిన ఛాయాచిత్రాలకు కొత్త వెలుగు

సింగపూరు లిటిల్ ఇండియాలో, సెరంగూన్ రోడ్డున ఉన్న శ్రీ శ్రీనివాస పెరుమాళ్ కోవెల ఎదుట పెద్దలు తీయించుకున్న ఛాయాచిత్రాలు మనలో కొందరి పెట్టెల్లో ఉండవచ్చును. అవి ఎందుకు వెలిసిపోతాయి? నలుపు తెలుపు చిత్రమంటే జెలటిన్ పొరలో నిలిచిన వెండి రేణువులే. గాలిలోని గంధక వాయువులు తేమతో కలిసి ఆ వెండిని సిల్వర్ సల్ఫైడుగా మార్చి పసుపు వన్నె తెస్తాయి. జెలటిన్‌ను బూజు తినివేస్తుంది. సింగపూరు ఉక్క దీనికి తోడు.

1995లో బర్క్‌లీ విద్యార్థులు స్పెన్సర్ కింబాల్, పీటర్ మాటిస్ ఆరంభించిన 'గింప్' అనే సాఫ్ట్‌వేరు ఉచితంగా లభిస్తుంది. ముందుగా చిత్రాన్ని అంగుళానికి 600 చుక్కల చొప్పున స్కాన్ చేసి భద్రపరచాలి. మరమ్మతు దాని నకలు మీదనే చేయాలి. అందులోని 'లెవెల్స్' వెలుగునీడల తేడాను పెంచుతుంది. 'హీల్' మనం చూపిన చోటి నమూనాను తెచ్చి, చుట్టుపక్కల రంగుకు సరిపోల్చి గీతను పూడ్చుతుంది.

అయితే గోడ మీది గీత వేరు, ముఖం మీది గీత వేరు. చెరిగిన కంటి స్థానంలో మనం పూడ్చేది ఊహ మాత్రమే. అది అవ్వ కన్ను కాజాలదు. అక్కడ మచ్చను ఉండనివ్వడమే మేలు. అంచున ఉన్న స్టూడియో ముద్రను, వెనుకనున్న చేవ్రాతను కూడా స్కాన్ చేయడం మరువకండి. రేపు మనుమలు "ఈమె ఎవరు?" అని అడిగినప్పుడు బదులు చెప్పవలసినది ఆ వ్రాతయే.