నెత్తురులోని ఇనుము, అయస్కాంతం

గన్‌ఫౌండ్రీ పేరులోనే లోహపు మోత ఉన్నది. రెండవ నిజాం కొలువులోని ఫ్రెంచి సేనాని రేమండ్ 1795లో ఇక్కడ ఫిరంగుల కార్ఖానా నెలకొల్పినాడు. ‘తోప్ కా సాంచా’ అని దానికి వాడుక పేరు. ఇనుప గుండును అయస్కాంతం లాగుతుంది. మన రక్తంలోనూ ఇనుమున్నది కదా. గుండె పరీక్షకు అయస్కాంతపు సొరంగంలో పడుకొన్నవాని రక్తాన్ని అది లాగదా? వైద్యుని అడుగుటకు పలువురు సంకోచించే ప్రశ్న ఇది.

లాగదు. ఆ ఇనుము ముక్కలుగా లేదు, హిమోగ్లోబిన్‌లో ఒదిగి ఉన్నది. ప్రాణవాయువు నింపుకొన్న హిమోగ్లోబిన్‌ను అయస్కాంతం ఆకర్షించదని 1936లోనే పౌలింగ్, కోర్యెల్ కొలిచి చూపినారు. ప్రాణవాయువును విడిచినపుడు కలిగే ఆకర్షణ అత్యల్పం.

అసలు ఎం.ఆర్.ఐ. వెదకేది ఇనుమును కాదు, నీటిలోని ఉదజనిని. 1.5 టెస్లా యంత్రం బలం భూమి అయస్కాంతానికి సుమారు 30,000 రెట్లు. అందులో ఉదజని కేంద్రకాలు బొంగరాలవలె తిరుగుతూ, రేడియో తరంగం సోకగానే బదులు పలుకుతాయి. శ్రోతలకు ఈ బంధుత్వం ముచ్చటగా తోచవచ్చును! అయస్కాంతబలాన్ని ఒకవైపు కొంచెం హెచ్చించి, వెంటనే తిరగవేస్తారు. కదలని కణజాలంలోని కేంద్రకాలు మళ్ళీ ఒకే తాళానికి వస్తాయి. పారే రక్తంలోనివి తాళం తప్పుతాయి. ఎంత తప్పితే అంత వేగం. బృహద్ధమనిలో పారే రక్తాన్ని ఇట్లు మిల్లీలీటర్లలో లెక్కిస్తారు.

గుండె కండరానికే రక్తం చాలుతున్నదా అన్నది వేరు ప్రశ్న. దానికై ఎడినోసిన్‌తో రక్తనాళాలను వికసింపజేసి, గడోలినియం మందు ఎక్కిస్తారు. మందు చేరినచోట కండరం తెల్లబడుతుంది. ఇరుకైన నాళంపై ఆధారపడిన భాగం కొంతసేపు నల్లగానే నిలుస్తుంది. ఛాతీనొప్పికి మూలం అక్కడ ఉండవచ్చును. ఎక్స్‌రే కిరణాల ప్రసక్తి లేదు.

జాగ్రత్త పడవలసింది పేస్‌మేకరు, శరీరంలో దిగిన ఇనుప తునక ఉన్నవారు. మూత్రపిండాల జబ్బు, ఉబ్బసం ఉన్నవారును ముందే చెప్పవలెను.