అజిటేటరు మోటారు

అజిటేటరు మోటారు అనగా రసాయన రియాక్టరులోని పదార్థాలను కలియబెట్టు అజిటేటరును త్రిప్పే విద్యుత్ మోటారు. సంగారెడ్డి జిల్లా (2016 వరకు మెదక్ జిల్లాలో భాగము) లోని పటాన్‌చెరు, బొల్లారం, పాశమైలారం పారిశ్రామికవాడలలో బల్క్ డ్రగ్ కర్మాగారాలు ఉన్నందున అక్కడ వీటి అవసరము ఎక్కువ.

సామర్థ్యము

సాధారణముగా 415 వోల్టులు, 50 హెర్ట్జ్, నాలుగు పోల్‌ల త్రీ ఫేజ్ ఇండక్షన్ మోటారును వాడుదురు. ఇది నిమిషమునకు సుమారు 1440 చుట్లు తిరుగును. 16:1 గేరుబాక్సు దానిని 90 చుట్లకు తగ్గించును. పలుచని ద్రవాలలో వేగము రెట్టింపైన కావలసిన శక్తి 8 రెట్లగును; బ్లేడు వ్యాసము 10 శాతము పెరిగిన శక్తి సుమారు 61 శాతము పెరుగును. కావున బ్లేడు మార్చి పాత మోటారునే ఉంచుట తరచు వైండింగు కాలిపోవుటకు దారితీయును. బ్యాచి మధ్యలో చిక్కబడే పదార్థమైతే, అది మిక్కిలి చిక్కగా ఉండే దశను బట్టియే మోటారును ఎంచవలెను.

ప్రారంభ బలము

విద్యుత్తు పోయినపుడు స్ఫటికాలు అడుగున పేరుకొని గట్టిపడును. స్టార్-డెల్టా స్టార్టరుతో ప్రారంభ టార్కు మూడవ వంతు మాత్రమే కనుక, నీటితో పరీక్షించినపుడు చక్కగా తిరిగిన మోటారు ఇప్పుడు కదలకపోవచ్చును. వేడిని వెలువరించే చర్యలలో ఇది ప్రమాదకరము. కలియబెట్టుట ఆగినా పదార్థము పడుతూనే ఉన్నచో అది చర్య జరగక నిలువ ఉండి, తిరిగి త్రిప్పగానే ఒక్కసారిగా చర్య పొందును. అందుకే అజిటేటరు ఆగగానే పదార్థపు వాల్వు మూసుకొనే ఏర్పాటు ఉండవలెను. కప్లింగు విరిగినా మోటారు తిరుగుచునే ఉండును గనుక వేగమును అజిటేటరు షాఫ్టు వద్దనే కొలుచుట మేలు.

మండే ద్రావకాలు

టోలీన్, మెథనాల్, అసిటోన్ వాడుచోట ఫ్లేమ్‌ప్రూఫ్ మోటారును అమర్చుదురు. పేరును బట్టి చాలామంది తలచునట్లు ఇది ఆవిరిని లోనికి రానీయనిది కాదు; లోపల పేలుడు జరిగినా మంట బయటకు రాకుండా సన్నని సందులలో చల్లార్చునది. పై మూడు ద్రావకాలు 2ఎ వాయు సమూహమునకు చెందగా, హైడ్రోజన్ వాడే ఆటోక్లేవులకు 2సి సమూహపు మోటారు తప్పనిసరి. టి4 తరగతి మోటారు ఉపరితల ఉష్ణోగ్రత 135 డిగ్రీల సెల్సియస్ దాటరాదు.

డ్రైవుతో వేగము తగ్గించినపుడు మోటారు సొంత ఫ్యాను గాలి కూడ తగ్గి వేడెక్కును. కావున డ్రైవుతో వాడుటకు ప్రత్యేకముగా ధ్రువీకరించబడిన ఫ్లేమ్‌ప్రూఫ్ మోటారునే కొనవలెను. రీవైండింగు సమయములో అతుకు ముఖాలపై గీత పడినా, ఒక బోల్టు తక్కువైనా ఆ రక్షణ పోవును.