జీపును ఎత్తుచేయుట: పాత కమానుపట్టీల సంగతి



విశాఖపట్టణమున గాజువాక చేరువనున్న ఆటోనగర్‌కు ఏనాడైన పనిమీద వెళ్లిన పెద్దలు అచ్చటి సందడి నెరుగుదురు. 1933లో తెరవబడిన ఓడరేవునకును, 1992లో జాతికి అంకితమైన ఉక్కు కర్మాగారమునకును సరకు మోయు లారీలకు మరమ్మతు చేయువారును, పాడైన బండ్లను విప్పి భాగములుగా అమ్మువారును అచ్చట కలరు. మన్యపు దారులలో తిరుగు జీపుల యజమానులును వచ్చుచుందురు. బండి అడుగు రాళ్లకు తగులకుండ కొంత ఎత్తు కావలెననియు, ఖర్చు తక్కువగా నుండవలెననియు వారి కోరిక. పాత కమానుపట్టీలతో ఆ పని కొంతవఱకు నెరవేరును. అయితే ఆ జీపులలో పాడేరు, అరకు, చింతపల్లి సంతలకు పోయి వచ్చువారు మన స్త్రీలు, మన పిల్లలు. కావున ఇది బండివాడును పనివాడును మాత్రమే తేల్చుకొనదగిన సంగతి కాదు, పెద్దలును తెలిసికొనదగినది.

జట్కాబండి క్రింద ఇనుపపట్టీల కట్టను మీలో పలువురు చూచియుందురు. జీపు కమాను కూడ అట్టిదే. అన్నిటికంటె పొడవైన పట్టీకి రెండు చివరలను కన్నులుండును. దాని క్రింద క్రమముగా పొట్టివగు పట్టీలను పేర్చి, నడుమ ఒక బోల్టుతో కూర్చి, యు-బోల్టులతో ఇరుసునకు బిగింతురు. ఒక చివర చట్రమునకు నేరుగా తగిలియుండును. రెండవ చివర షాకిల్ అను ఊగెడు లంకెకు తగిలియుండును. కమాను నొక్కుకొన్నపుడు దాని పొడవు మారును గనుక ఆ లంకె అవసరము. రెండవ ప్రపంచయుద్ధకాలపు విల్లీస్ జీపు మొదలుకొని మహీంద్రావారి పాత జీపులకును, 1985లో వచ్చిన మారుతీ జిప్సీకిని నాలుగు చక్రముల వద్దను ఇట్టి కమానులే. 2020లో వచ్చిన క్రొత్త థార్‌కు చుట్టు స్ప్రింగులుండుటచేత ఈ మాటలు దానికి వర్తింపవు.

ఎత్తు పెంచుటకు నాలుగు మార్గములు కలవు. మొదటిది, కట్టలో మరియొక పట్టీని చేర్చుట. రెండవది, పట్టీల వంపును పెంచుట. మూడవది, పొడవైన షాకిల్ వేయుట. ఇందు షాకిల్‌ను 2 అంగుళములు పెంచినచో బండి లేచునది 1 అంగుళమే. పైగా ముందు ఇరుసు కొంచెము తిరిగి, స్టీరింగు తనంతట సరిగా నిలుచు గుణము మారును. నాలుగవది, ఇరుసు క్రిందనున్న కమానును ఇరుసుపైకి మార్చుట. దీనివలన ఇరుసు మందము, కట్ట మందము కలిసినంత ఎత్తు ఒక్కసారిగా వచ్చును. కాని కమాను కూర్చుండు పీటలను ఇరుసుపై క్రొత్తగా అతుకవలెను. స్టీరింగు కడ్డీలను మార్చవలెను. ఇది చవక పని కాదు, సామాన్యుని పనియు కాదు.

అన్నిటిలో చవకైనది మొదటి మార్గము. ఇందు ముఖ్యమైన మెలకువ పట్టీని ఎన్నుకొనుట. పాత ఇనుము అమ్మువారి వద్ద లారీపట్టీలు విరివిగా దొరకును. అవి దిట్టముగా నున్నవని జీపునకు వేయరాదు. ఏలయన పట్టీ బిగువు దాని మందముతో సమానముగా పెరుగదు. మందము రెండింతలైనచో బిగువు ఎనిమిదింతలగును. 6 మిల్లీమీటర్ల జీపుపట్టీల నడుమ, అదే పొడవును వెడల్పును గల 12 మిల్లీమీటర్ల లారీపట్టీని చేర్చుట యనగా ఎనిమిది జీపుపట్టీలను చేర్చుటయే. అప్పుడు కమాను వంగదు. గుంత దెబ్బ చట్రమునకును, కూర్చున్నవారి నడుములకును తగులును. చక్రము నేలను విడిచి ఎగురును. కావున చేర్చు పట్టీ అదే జాతి జీపునుండి తీసినదై, అదే వెడల్పును మందమును గలదై యుండవలెను.

రెండవ మెలకువ ఉక్కు పదునును గూర్చినది. పాత కమానుపట్టీతో కమ్మరి కత్తి చేయుట మన గ్రామములలో క్రొత్త కాదు. ఎర్రగా కాల్చి సాగగొట్టి, మరల పదును పెట్టినగాని ఆ కత్తి నిలువదు. కమానుపట్టీయు అంతే. వంపుకొరకు కొలిమిలో కాల్చి మెల్లగా చల్లారనిచ్చినచో అది మెత్తబడి కొలది దినములలోనే కూలబడును. నీట ముంచి విడిచినచో పెళుసై విరుగును. కాబట్టి వంపును కాల్చకయే ఒత్తుడుయంత్రముతో పెంచవలెను. పట్టీపై వెల్డింగు ఎన్నడును కూడదు. అతికినచోటి ప్రక్కనే అది విరుగును. పాతపట్టీని తీసికొనునప్పుడు త్రుప్పును గీకి, నడిమి బోల్టు రంధ్రముచుట్టును, కన్నువద్దను, పై ముఖముమీదను వెండ్రుకవంటి పగుళ్లున్నవేమో చూడవలెను. బరువునకు సాగునది పై ముఖమే గనుక పగులు సాధారణముగ అచ్చటనే పుట్టును. నడిమి బోల్టును, యు-బోల్టులను మాత్రము క్రొత్తవే వేసి, కొన్ని వందల కిలోమీటర్లు నడచిన పిదప మరల బిగింపవలెను.

ఇంత చేసినను ఒక భ్రమ మిగిలియుండును. కమాను ఎత్తినచో లేచునది చట్రమును, పై పెట్టెయును మాత్రమే. ఇరుసు నడుమనున్న డిఫరెన్షియల్ అను పళ్లచక్రముల పెట్టె, చక్రము పెద్దదైననే గాని, వెండ్రుకవాసియైన లేవదు. దారిలోని రాయి మొదట తగులునది దానికే. ఇక చట్రము లేచినకొలది బ్రేకునూనె పోవు రబ్బరుగొట్టములు బిగిసి తెగవచ్చును, షాకబ్సార్బరులు చాలకపోవచ్చును, ప్రొపెల్లరు షాఫ్టు వాలు పెరిగి దాని జాయింట్లు త్వరగా అరుగును.

అన్నిటికంటె ముఖ్యమైనది బోల్తాపడు భయము. ఇరుప్రక్కల చక్రముల నడిమి ఎడము 130 సెంటీమీటర్లనియు, బండి బరువు కేంద్రము నేలకు 65 సెంటీమీటర్ల ఎత్తున నున్నదనియు అనుకొందము. అట్టి బండి నిలిచియున్నపుడు ప్రక్కకు 45 డిగ్రీలు వాలువఱకు లెక్కప్రకారము పడదు. ఆ కేంద్రము 10 సెంటీమీటర్లు లేచినచో 41 డిగ్రీలకే పడును. పైకప్పుమీద మనుష్యులును మూటలును ఎక్కి అది 90 సెంటీమీటర్లకు చేరినచో 36 డిగ్రీలు చాలును. ఘాటుమలుపులో వేగము తోడైనపుడు ఇంత వాలు కూడ అక్కరలేదు. కొండదారికని ఎత్తిన బండికి కొండమలుపే శత్రువగును.

చట్టమును ఈ మాటనే చెప్పుచున్నది. 1988 నాటి మోటారు వాహనముల చట్టము 52వ సెక్షను ప్రకారము, తయారీదారు నిర్ణయించిన వివరములకు భిన్నముగా బండిని మార్చరాదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు దీనిని స్పష్టపరచెను.

మరి ఏమి చేయవలెను? పెక్కు పాత జీపులకు కావలసినది క్రొత్త ఎత్తు కాదు, పోగొట్టుకొన్న ఎత్తు. ఏండ్ల తరబడి బరువు మోసి పట్టీలు చదునై, బుష్షులు అరిగి, బండి తన మొదటి మట్టమునుండి దిగిపోయియుండును. విరిగిన పట్టీని సరిజోడుతో మార్చి, వంపు తీర్చి, బుష్షులు క్రొత్తవి వేసినచో బండి తన స్వస్థానమునకు వచ్చును. ఇది చవక, చట్టమునకు సమ్మతము, ప్రాణములకు క్షేమము. పాతపట్టీకి తగిన ఉద్యోగము ఇదియే.

గ్రామపెద్దలు సంతజీపు యజమానిని మూడు ప్రశ్నలు అడుగవలెనని నా మనవి. ఈ కమాను ఏ బండినుండి తీసినది? దీనిని కొలిమిలో కాల్చిరా, ఎక్కడైన అతికిరా? బండి మొదట వచ్చిన ఎత్తుకంటె ఎంత లేచినది? సరియైన జవాబు రానిచో ఆ జీపులో మన పిల్లలను ఎక్కింపకుండుట మేలు.