పుట్టలో పంచాంగం ఉండదు

సంక్రాంతి సెలవులు అయిపోయి హాస్టళ్ళు మళ్ళీ నిండే రోజుల్లో గ్రూపుల్లో ఒక మెసేజ్ తిరుగుతుంటుంది. "చలి ఇంకా పోనే లేదు, అప్పుడే పాములు బయటికొస్తున్నాయి. ఏదో జరగబోతోంది." కింద ఒకరు భూకంపం అంటారు, ఇంకొకరు ఈ ఏడు కూడా కరువే అంటారు. మరి పాము నిజంగా దేన్ని చూసి బయటికొస్తుంది? అనంతపురంలో అది తొందరపడితే ఎవరికి నష్టం? కాస్త ఓపిగ్గా చూద్దాం.

ముందు ఒక సంగతి. సినిమాల్లో, డాక్యుమెంటరీల్లో చూపించే చలికాలపు నిద్ర మన దగ్గర లేదు. కెనడాలోని మానిటోబా రాష్ట్రంలో నార్సిస్ అనే ఊరి దగ్గర సున్నపురాయి గుహల్లో గార్టర్ పాములు వేల సంఖ్యలో ఒకేచోట చేరి, మంచు కిందే చలికాలమంతా గడిపేస్తాయి. ఏప్రిల్ చివర, మే మొదట్లో గుంపులుగా బయటికొస్తాయి. అక్కడ లోపల ఉండకపోతే గడ్డకట్టి చావడమే. మన అనంతపురంలో జనవరి రాత్రి కూడా సగటున 15 డిగ్రీల పైనే ఉంటుంది. కాబట్టి మన పాములు నెలల తరబడి పడుకోవు, మందగిస్తాయి అంతే. పుట్టలోనో, ఎలుక బొరియలోనో, రాళ్ళ గుట్టలోనో, శెనక్కాయ కట్టె వామి అడుగునో సర్దుకుంటాయి. మధ్యాహ్నం ఎండ బాగా కాస్తే కాసేపు బయటికొచ్చి కాచుకుని మళ్ళీ లోపలికి పోతాయి. పాముకి సొంత హీటర్ లేదు. ఒళ్ళు వెచ్చబడాలంటే బయటి వేడే దిక్కు.

మరి లోపల చీకట్లో ఉన్న పాముకి బయట కాలం మారిందని ఎట్లా తెలుస్తుంది? పుట్టలో పంచాంగం ఉండదు కదా. పైమట్టి చలికాలమంతా లోపలి మట్టి కంటే చల్లగా ఉంటుంది. ఒక దశలో అది తిరగబడి, పైమట్టే వెచ్చగా అవుతుంది. చలిదేశాల పాముల విషయంలో శాస్త్రజ్ఞులు చెప్పే సంకేతాల్లో ఈ తిరగబాటు ఒకటి.

ఇక్కడ మన హీట్ ట్రాన్స్‌ఫర్ సబ్జెక్టు పనికొస్తుంది. నేలపైన వేడి అలలాగా మారుతుంటే, లోపలికి పోయేకొద్దీ ఆ అల చిన్నదవుతుంది, ఆలస్యం కూడా అవుతుంది. సాధారణ మట్టికి థర్మల్ డిఫ్యూజివిటీ సెకనుకు సుమారు 0.5 చదరపు మిల్లీమీటర్లు అనుకుందాం. దాన్ని రెండింతలు చేసి, అల కోణీయ పౌనఃపున్యంతో భాగించి, వర్గమూలం తీస్తే, అల 37 శాతానికి తగ్గే లోతు వస్తుంది. పగలు రాత్రి అలకి ఆ లోతు దాదాపు 12 సెంటీమీటర్లు. ఏడాది అలకి దాదాపు 2.2 మీటర్లు.

దీని అర్థం ఏమిటి? అర మీటరు లోతున ఉన్న పాముకి పగటి ఎండలో 2 శాతం కూడా చేరదు. ఒక్కరోజు ఎండ కాసినంత మాత్రాన అది మోసపోదు. కానీ పదిరోజులు వరుసగా వేడి, తర్వాత పదిరోజులు చలి అన్నట్టు మారే అల అర మీటరు దాకా బాగానే దిగుతుంది. అంటే పాము లెక్కలోకి తీసుకునేది ఒక రోజును కాదు, వారాలను.

ఇంకో సరదా లెక్క. నేలపైన ఏడాదిలో బాగా చల్లటి సమయం డిసెంబరు చివర అనుకుంటే, పైమట్టి మీటరు లోతు మట్టి కంటే వెచ్చబడేది దాదాపు 57 రోజుల తర్వాత. అంటే ఫిబ్రవరి మూడు, నాలుగు వారాల్లో. శివరాత్రి కూడా ఇంచుమించు అప్పుడే వస్తుంది. ఆ రోజుతో చలి "శివశివా" అంటూ పోతుందని మన పెద్దవాళ్ళు ఏ సమీకరణమూ రాయకుండానే చెప్పారు. మట్టిలో తేమను బట్టి ఈ లెక్క కొంచెం అటూ ఇటూ అవుతుంది గానీ దిశ మారదు.

ఇప్పుడు "ముందుగానే" అన్న మాట అర్థమవుతుంది. ఫిబ్రవరి మామూలు కంటే వేడెక్కితే ఆ తిరగబాటు ముందుకు జరుగుతుంది. 1901 నుంచి ఉన్న రికార్డుల్లో, సగటు పగటి ఉష్ణోగ్రత ప్రకారం దేశంలో అత్యంత వేడి ఫిబ్రవరి 2023లో నమోదైంది. ఇలాంటి ఏళ్ళల్లో పాము తప్పు చేయడం లేదు, మట్టి చెప్పింది వింటోంది.

వేడి ఒక్కటే కారణం కాదు. అకాల వాన పడి బొరియలోకి నీళ్ళు దిగితే పాము బయటికి రావాల్సిందే. చేను చదును చేయడానికి జేసీబీ దిగి పుట్టను పెకలించినా అంతే. పైగా నాగుపాము, రక్తపింజర లాంటివి జతకట్టే కాలం మన దగ్గర చలి నెలల్లోనే ఉంటుంది. ఆ రోజుల్లో మగపాములు ఆడపాము కోసం తిరుగుతాయి. కాబట్టి జనవరిలో పాము కనబడటమే వింత అనుకోనక్కర్లేదు.

ఇక భూకంపం సంగతి. ఈ నమ్మకానికి వెనక ఒక నిజమైన ఘటన ఉంది. 1975 ఫిబ్రవరి 4న చైనాలోని హైచెంగ్‌లో 7.3 తీవ్రతతో భూకంపం వచ్చింది. అంతకుముందు, 1974 డిసెంబరు నుంచే, పాములు నిద్ర వదిలి బయటికొచ్చి మంచు మీద గడ్డకట్టి కనబడ్డాయని నమోదైంది. అయితే అక్కడ ముందుగా చిన్న ప్రకంపనలు వరుసగా వచ్చాయి, భూగర్భజలాల్లోనూ మార్పులు కనిపించాయి. ఊళ్ళు ఖాళీ చేయించడానికి ముఖ్య కారణం ఆ చిన్న ప్రకంపనలే. మరుసటి ఏడాది టాంగ్‌షాన్‌లో అలాంటి హెచ్చరికేమీ జారీ కాకుండానే లక్షల మంది పోయారు. పైగా మైనస్ డిగ్రీల మంచులోకి పాము రావడం వేరు, 30 డిగ్రీల ఎండలోకి రావడం వేరు. మనది పాత గట్టి రాతి పీఠభూమి. ఐఎస్ 1893 కోడ్ 2016 సంచికలో అనంతపురం ఉన్నది జోన్ 2లో, అంటే అతి తక్కువ ప్రమాదం ఉన్న జోన్‌లో. సివిల్ వాళ్ళని అడగండి.

అసలు ప్రమాదం వేరే చోట ఉంది. ముందు పాము వైపు నుంచి చూద్దాం. ఒళ్ళు 10 డిగ్రీలు వేడెక్కితే దాని శరీరం ఖర్చు చేసే శక్తి రెండు మూడింతలు అవుతుంది. కానీ ఏడాదికి 550 మిల్లీమీటర్ల వాన పడే ఈ నేలలో కప్పలు బాగా కనబడేది తొలకరి తర్వాతే. ఫిబ్రవరిలో లేచిన పాముకి ఖర్చు మొదలైంది, జీతం జూన్‌లో. అందుకే నీడ, తేమ, ఎలుకలు ఎక్కడుంటే అక్కడికి పోతుంది. ఎండాకాలంలో అనంతపురంలో ఆ మూడూ కలిసి ఉండేది బోరు దగ్గర, డ్రిప్ పైపుల కింద, శెనక్కాయలు నిల్వ చేసిన కొట్టంలో. అంటే మనుషుల దగ్గర.

మనుషుల వైపు లెక్క ఇది. 2020లో వచ్చిన ఒక పరిశోధన ప్రకారం 2000 నుంచి 2019 వరకు దేశంలో పాముకాటుతో సుమారు 12 లక్షల మంది చనిపోయారు. ఏడాదికి సగటున 58 వేలు. అందులో సగం జూన్ నుంచి సెప్టెంబరు లోపే, ఎక్కువమంది పల్లెల్లోనే. పాములు ముందుగా కదిలితే ఆ ప్రమాదపు కాలం ముందువైపుకి సాగుతుంది. రాత్రి కరెంటు వచ్చినప్పుడు మోటారు వేయడానికి చేలోకి పోయే రైతు "ఇంకా చలికాలమే కదా" అని టార్చి లేకుండా, చెప్పులు లేకుండా పోతాడు. ఆ రైతు మనలో చాలామందికి నాన్నో, మామో.

అందుకే ఇంటికి ఫోన్ చేసినప్పుడు చెప్పాల్సిన మాటలు కొన్ని. చీకట్లో నడిస్తే టార్చి, బూట్లు ఉండాలి. కట్లపాము కాటు చాలాసార్లు నొప్పే తెలియదు, నేల మీద పడుకున్నవాళ్ళనే ఎక్కువగా కాటేస్తుంది. కాబట్టి మంచం మీద, దోమతెర అంచులు పరుపు కిందికి మడిచి పడుకోవాలి. కాటు పడితే గట్టిగా కట్టు కట్టొద్దు, కోయొద్దు, నోటితో పీల్చొద్దు, మంత్రం కోసం గంటలు పోగొట్టొద్దు. ఉంగరాలు, కడియాలు తీసేసి, కాటు పడ్డ కాలో చెయ్యో కదలకుండా ఉంచి, 108కి ఫోన్ చేసి ఆసుపత్రికి తీసుకుపోవాలి. పామును చంపి తీసుకుపోనక్కర్లేదు. మన దగ్గర వాడే విరుగుడు మందు నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్న పింజర నాలుగింటికీ కలిపి తయారుచేసిందే.

క్యాంపస్‌లో పాము కనబడితే రాయి తీయకండి, దూరంగా నిలబడి సెక్యూరిటీకి చెప్పండి. అది జెర్రిపోతు అయితే దానికి విషం లేదు, మన మెస్ చుట్టూ ఉండే ఎలుకల్ని తినేది కూడా అదే. 1780లలో విశాఖపట్నంలో ఉండి పాముల్ని పరిశీలించిన ప్యాట్రిక్ రస్సెల్, రక్తపింజరకు అక్కడివాళ్ళు పిలిచే పేరునే తన పుస్తకంలో రాసుకున్నాడు: కాటుక రేకుల పొడ. భయపడుతూనే దగ్గరగా, శ్రద్ధగా చూసినవాళ్ళు పెట్టిన పేరు అది. ఈసారి గ్రూపులో ఆ మెసేజ్ వస్తే, ఫార్వర్డ్ చేసే ముందు ఊళ్ళో నాన్న దగ్గర మంచి టార్చి ఉందో లేదో అడగండి.