బొగ్గుబూడిద - కట్టడములు

వృథావ్యయమును బూడిదలో పోసిన పన్నీరని మనవారు చెప్పుచుందురు. ఇబ్రహీంపట్నము, రామగుండము, పాల్వంచ, ముద్దనూరు, పరవాడ ప్రాంతములందలి విద్యుత్కేంద్రముల బూడిదను జూచినవారికి ఈ సామెతను పునరాలోచింపవలెనని తోఁచును. మనదేశపు బొగ్గును గాల్చినచో నూటికి సుమారు 30 మొదలు 40 పాళ్లు బూడిదయే మిగులును. మడుగులలో నిలువచేసిన ఆ బూడిద యెండి, గాలికి లేచి, చుట్టుపట్టుల పైరులమీఁదను ఇండ్లమీఁదను పడుచున్నది. దీనిని సిమెంటులో కొంతభాగమునకు బదులుగా వాడుటయే మేలైన మార్గమని మా యభిప్రాయము.

ఇది వింత గాదు. మన పూర్వులు సున్నములో ఇటికపొడి, అనఁగా సుర్కీ, గలిపి కట్టడములు కట్టిరి. రోమనులు అగ్నిపర్వతపు బూడిదను ఇట్లే వాడిరి. సిమెంటు నీటితో గలిసి గట్టిపడునపుడు కొంత సున్నము వెలువడును. బూడిదలోని సిలికా ఆ సున్నముతోఁ గూడి మరల బంధకద్రవ్యమగును. కాంక్రీటు దట్టమై నీటిని చొరనీయదు. అమెరికాలో 1953లో పూర్తియైన హంగ్రీహార్సు ఆనకట్టలో ఈ బూడిదను విరివిగా వాడిరి. సిమెంటుకై సున్నపురాతిని సుమారు 1,450 డిగ్రీల వేఁడిమిలో గాల్చవలెను; బూడిద చేరినంతమేర ఆ రాయియు ఆ యింధనమును మిగులును. భారతీయ ప్రమాణములు పొజొలానా సిమెంటులో నూటికి 15 మొదలు 35 పాళ్ల బూడిదను అంగీకరించుచున్నవి.

అయినను గృహస్థుల శంక నిరాధారమని మేమనము. ఈ సిమెంటు మొదట మెల్లగా బలము పొందును. నాలుగు దినములు నీరు పట్టి, తొందరపడి సెంట్రింగు విప్పు మేస్త్రీ చేతిలో శ్లాబు చెడును. నింద మాత్రము బూడిదపైఁ బడును. మఱియు పొగగొట్టము చేరకమున్నె యంత్రములు పట్టిన సన్ననిపొడి వేఱు, మడుగులోని ముతకబూడిద వేఱు. రెండవది ఇటుకలకును రోడ్ల గట్టులకును తగును గాని, పరీక్షింపక సిమెంటులో గలుపఁదగదు.

బూడిదను వినియోగింపవలెనని కేంద్రప్రభుత్వము 1999లోనే ఉత్తర్వు చేసెను. ఉత్తర్వుతో గోడ నిలువదు. పరీక్షించిన బూడిదనే అమ్ముట అధికారుల బాధ్యత. మేస్త్రీలకు పని నేర్పుట ఇంజనీర్ల బాధ్యత. 14 దినములు విడువక నీరు పట్టించుట యజమాని బాధ్యత. ఈ మూఁడును నెఱవేరినచో పల్లెలకు ధూళిబాధ కొంత తగ్గును, ఇండ్లకు బలము చేకూరును. అప్పుడు బూడిదలో పోసిన నీరు వృథా గాదు.