మల్లుని నడుము

కుస్తీ చూడబోయినవారు మల్లుని భుజములను, ఱొమ్మును చూచి మెచ్చుకొందురు. నడుమును గమనించువారు అరుదు. కాని ప్రత్యర్థిని పైకెత్తుటకైనను, అతడు ఎత్తబోయినపుడు లొంగక నిలుచుటకైనను, కాళ్ల బలము నడుము మీదుగనే చేతులకు చేరవలెను. 1910వ సంవత్సరమున లండను నగరమున గామా, స్బిష్కో అను పోలండు మల్లునితో తలపడెను. ఆ కుస్తీ రెండున్నర గంటలకు పైగా సాగెను. అందు అధికకాలము స్బిష్కో నేలను అంటిపెట్టుకొనియే యుండెను. గామా అంతటివాడును అతనిని వెల్లకిల త్రిప్పలేకపోయెను. అట్టి పెనుగులాటలో నడుముపై పడు భారము ఇంతంత కాదు.

నడుమున ఐదు వెన్నుపూసలు కలవు. పూసల మధ్య మెత్తని బిళ్లలుండును. బిళ్ల అంచు గట్టినారల అల్లిక. లోపలిది జిగురువంటి పదార్థము. వీపును గూనుగా వంచి బరువెత్తినచో ఆ జిగురు వెనుకకు నెట్టబడును. అదే సమయమున నడుమును మెలిత్రిప్పినచో నారలకు మఱింత కష్టము. పలుమాఱు ఇట్లు జరిగినచో నారలు చీలి, బిళ్ల ఉబ్బి, కాలికి పోవు నరమును నొక్కవచ్చును.

దీనికి రక్షణ కండరములే. వెన్నున కిరువైపుల నున్నవి, పొట్టవి, పిఱుదులవి అన్నియు కలిసి, తెరచాప కొయ్యకు కట్టిన మోకులవలె వెన్నును నిలుపును. ఒక మోకును బిగించి తక్కినవి వదలినచో కొయ్య నిలుచునా? మఱియు నడుమునకు వంగు శక్తికన్న, బరువు పడినపుడు వంగక నిలుచు శక్తి ముఖ్యము. సాధనయు అట్టిదే కావలెను.

మోకాళ్లపైనను అరచేతులపైనను బల్లవలె నిలువుడు. కుడిచేతిని ముందునకును, ఎడమకాలిని వెనుకకును చాచి పది సెకండులు నిలుపుడు. పిదప రెండవ చేయి, రెండవ కాలు. వీపుపై నీటిచెంబు ఉన్నదనుకొనుడు, అది ఒలకరాదు. తరువాత వెల్లకిల పండుకొని, మోకాళ్లు మడిచి, పిఱుదులను పైకెత్తి నిలుపుడు. గదను త్రిప్పువానికి చప్పట్లు కొట్టువారు వీనికి కొట్టరు. అయినను పది సెకండులకే నడుము వణకువాడు గదకు చేయి చాపుట తొందరపాటు.

ఇవి కుదిరిన పిమ్మట ఇసుకసంచిని ఎత్తవచ్చును. అనుభవముగల హమాలీ బస్తాను ఎత్తు తీరు చూడుడు. మోకాళ్లు మడిచి, తుంటివద్ద వంగి, వీపును నిటారుగా నుంచి, బస్తాను దేహమునకు ఆనించుకొనును. మల్లునికిని అదియే పద్ధతి. తొలుత సంచి తేలికగా నుండవలెను.

రాత్రి పండుకొనినపుడు బిళ్లలు నీటిని పీల్చుకొని ఉబ్బును. ఉదయమున మనము సాయంకాలముకన్న సుమారు ఒక సెంటీమీటరు పొడవుగా నుండుట అందువలననే. ఉబ్బిన బిళ్ల వంగుటను సహింపదు. కావున లేచిన తొలి గంటలో నడచుట మేలు. ముందునకు బాగుగా వంగు సాధనములు వలదు.

సాధన చేసిన మఱునాడు కండరములు సలుపుట సహజమే. నొప్పి పిఱుదునుండి పిక్కవఱకు తీగవలె దిగినను, పాదము తిమ్మిరెక్కినను అది వేఱు. అట్టి దినమున గోదాలో దిగక వైద్యుని చూడవలెను. ఓర్చుకొమ్మని ఉస్తాదు చెప్పినను వినవలసిన పని లేదు.